తాళం లేని ఆటలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కొన్న వీడియో గేమ్‌ను ఇంటర్నెట్ లేకుండా, ఎవరి అనుమతీ అడగకుండా, ఎన్ని కంప్యూటర్లు మార్చినా మళ్లీ ఎక్కించుకోవడానికి వీలుగా అమ్మే సంస్థలు ఉన్నాయని, వీలున్నచోట అలాంటి కాపీనే కొనుక్కోమని గత నెల ఈ శీర్షికలో రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి. కాపీ రక్షణ లేకుండా ఆటను బజారులో పెడితే దొంగలు ఎత్తుకుపోరా, తయారుచేసినవాడు ఎలా బతుకుతాడు అన్నదే ఆ సందేహం. వాటిలో అయిదు ఉత్తరాలను ఎంచుకుని ఈ నెల స్థలమంతా వాటికే ఇస్తున్నాను. ఇలాంటి కాపీ రక్షణను సాంకేతికంగా డీఆర్ఎం అంటారు గానీ, చదవడానికి సులువుగా ఉంటుందని ఇక్కడ 'తాళం' అనే రాస్తాను.

ప్రశ్న: తాళం లేకుండా ఆటను విడుదల చేస్తే పైరసీ పెరుగుతుందా, తగ్గుతుందా? నమ్మి ఇస్తే జనం కొంటారని కొందరు, సర్వనాశనమేనని కొందరు వాదిస్తున్నారు. లెక్కలతో చెప్పగలరా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: తాళం తీసేసినంత మాత్రాన పైరసీ పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు, తగ్గుతుందనడానికి అసలే లేదు. రెండు పక్షాలకూ రుచించని జవాబే అయినా, తయారీదారులు తమంత తాముగా బయటపెట్టిన లెక్కలను చదివితే నాకు కనిపించేది అదే.

2008లో టూడీ బాయ్ అనే ఇద్దరు మిత్రుల సంస్థ 'వరల్డ్ ఆఫ్ గూ' అనే ఆటను ఏ రక్షణా పెట్టకుండా విడుదల చేసింది. ఆటగాళ్లు సాధించిన ఫలితాలు సంస్థ సర్వర్‌కు చేరే ఏర్పాటు ఆ ఆటలో ఉండడం వల్ల, ఎంతమంది ఆడుతున్నారో, ఎన్ని కాపీలు అమ్ముడయ్యాయో పక్కపక్కన పెట్టి చూసుకునే అవకాశం వాళ్లకు దొరికింది. ఒకే మనిషికి ఇంటర్నెట్ చిరునామా మారుతూ ఉండడం వంటి తేడాలను సవరించుకున్నాక పైరసీ వాటా 82 శాతంగా తేలింది. ఈ అంకె ఒక్కటే చూస్తే తాళం వేయని తప్పుకు శిక్ష పడిందనే అనిపిస్తుంది. కానీ అదే సంవత్సరం రిఫ్లెక్సివ్ అనే మరో సంస్థ, తాళం వేసి అమ్మిన తమ 'రికోషె ఇన్ఫినిటీ' ఆటకు ఇలాంటి లెక్కే కట్టి 92 శాతం అని ప్రకటించింది. రెండు ఆటలూ వేరు, కొనేవాళ్లూ వేరు కాబట్టి తాళం వేస్తే పైరసీ పది శాతం పెరుగుతుందని ఎవరూ అనకూడదు. తాళం లేకపోవడమే దొంగతనానికి కారణమన్న మాట మాత్రం దీని తరువాత నిలబడదు.

రిఫ్లెక్సివ్ వాళ్లు చెప్పిన రెండో సంగతి నా దృష్టిలో ఇంకా విలువైనది. వాళ్లు తాళంలోని లొసుగులను ఒక్కొక్కటిగా పూడ్చుకుంటూ, పూడ్చిన ప్రతిసారీ అమ్మకాలు ఎంత పెరిగాయో గమనించారు. దాదాపు వెయ్యి దొంగ కాపీలను అడ్డుకుంటే అదనంగా ఒక్క కాపీ అమ్ముడైందని వాళ్ల అంచనా. దొంగ కాపీల సంఖ్యను ఆట ధరతో గుణించి 'ఇంత నష్టం' అని ప్రకటించే అలవాటు పరిశ్రమలో చాలాకాలంగా ఉంది. ఉచితంగా దొరికింది కాబట్టి దించుకున్నవాడు, దొరకకపోతే కొని ఉండేవాడని ఆ గుణకారం ఊహించుకుంటుంది. వెయ్యిమందిలో ఒక్కడే కొన్నాడంటే ఆ ఊహ ఎంత బలహీనమో తెలుస్తుంది. ఇది ఒక చిన్న సంస్థ, ఒక తరహా ఆటల అనుభవమేనని, అన్ని ఆటలకూ ఇదే నిష్పత్తి వర్తించదని గుర్తుంచుకోవాలి.

ఇక నమ్మి ఇస్తే జనం నిజాయితీపరులవుతారనే రెండో పక్షం సంగతి. నేనూ తాళం వద్దనేవాణ్ణే కాబట్టి, మా వైపు బలహీనతను నేనే చెప్పాలి. 2010 మేలో 'హంబుల్ ఇండీ బండిల్' పేరుతో కొన్ని ఆటలను తాళాలు లేకుండా, తోచినంత ఇచ్చి తీసుకోమని అమ్మకానికి పెట్టారు. ఒక్క సెంటు చెల్లించినా ఆటలన్నీ వచ్చేవి. ఇచ్చిన సొమ్ములో ఎంత దానధర్మాలకు వెళ్లాలో కొనేవాడే నిర్ణయించుకోవచ్చు. పన్నెండు లక్షల డాలర్లకు పైగా వసూలైంది. అయినా దించుకున్న కాపీల్లో దాదాపు నాలుగో వంతు ఆ ఒక్క సెంటు కూడా చెల్లించనివేనని నిర్వాహకుల అంచనా. 2013 ఏప్రిల్‌లో గ్రీన్‌హార్ట్ గేమ్స్ అనే సంస్థ, ఆటల కంపెనీని నడపడమే కథావస్తువుగా ఉన్న 'గేమ్ డెవ్ టైకూన్'ను తాళం లేకుండా విడుదల చేసి, అదే రోజు దానికి కొంచెం మార్పు చేసిన కాపీని టొరెంట్లలో, అంటే జనం ఫైళ్లను ఒకరి నుంచి ఒకరు నేరుగా దించుకునే చోట, తానే పెట్టింది. ఆ మార్పు చేసిన కాపీలో ఆటగాడి కంపెనీ పైరసీ దెబ్బకు దివాలా తీస్తుంది. మొదటి రోజు లెక్క చూస్తే కొన్నవారు 214 మంది, టొరెంట్ కాపీ ఆడినవారు 3,104 మంది. ధర తక్కువ, తాళం లేదు, తయారుచేసినవాళ్లు కొద్దిమంది. ఇవేవీ ఆ మూడు వేలమంది చేయి పట్టుకుని ఆపలేదు.

దీనికంతటికీ మూలం తాళం పనిచేసే తీరులోనే ఉంది. వీధిలో వంద ఇళ్లకు వంద తాళాలుంటే దొంగ వందసార్లు కష్టపడాలి. ఆటకు వేసిన తాళాన్ని ప్రపంచంలో ఎక్కడో ఒక్కడు ఒక్కసారి విరగ్గొడితే చాలు, విరిగిన తాళంతో ఉన్న ఆ కాపీయే అందరికీ చేరుతుంది. అంటే దొంగ కాపీ తీసుకునేవాడికి తాళం ఎప్పుడూ ఎదురుపడదు. అది ఎదురుపడేది డబ్బిచ్చి కొన్నవాడికే.

ప్రశ్న: 'ది విచర్' ఆటలు చేసిన పోలెండ్ సంస్థ తాళం లేకుండా అమ్మి గెలిచిందని మా హాస్టల్లో అందరూ అంటుంటారు. నిజంగా జరిగిందేమిటి?
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: ఈ కథను విచర్ ఆటల నుంచి మొదలుపెడితే సగమే అర్థమవుతుంది. 1990ల తొలినాళ్ల పోలెండ్‌లో కంప్యూటర్ ఆట కావాలంటే వారాంతపు సంతకు వెళ్లేవారు. అక్కడ అమ్మేవి దాదాపు అన్నీ కాపీలే. సాఫ్ట్‌వేర్‌ను కాపాడే కాపీరైట్ చట్టం ఆ దేశంలో 1994లో గానీ రాలేదు. మార్చిన్ ఇవిన్‌స్కీ, మిహావ్ కిచిన్‌స్కీ అనే ఇద్దరు మిత్రులు వార్సాలో సీడీ ప్రాజెక్ట్ సంస్థను స్థాపించింది కూడా ఆ సంవత్సరమే. విదేశీ ఆటలను తెప్పించి అసలు కాపీలుగా అమ్మడం వాళ్ల వ్యాపారం. పక్క బల్ల మీద అదే ఆట కారుచౌకగా దొరుకుతున్నప్పుడు మన దగ్గర ఎవరు కొంటారన్నది వాళ్లకు సిద్ధాంత చర్చ కాదు, రోజూ కొట్టు తెరిచేటప్పుడు ఎదురయ్యే ప్రశ్న.

1999లో వాళ్లు 'బాల్డర్స్ గేట్' అనే పెద్ద ఆటను పోలిష్ భాషలోకి తెచ్చారు. పేరున్న పోలిష్ నటులతో గొంతులు ఇప్పించారు. పెట్టెలో ఆట డిస్కులతోపాటు తోలుకాగితంలా కనిపించే పటం, నియమాల పుస్తకం, సంగీతం సీడీ పెట్టారు. కాపీ చేసేవాడు డిస్కును కాపీ చేయగలడు గానీ ఆ పెట్టెను చేయలేడు. మొదటి రోజే పద్దెనిమిది వేల కాపీలు అమ్ముడయ్యాయి. పైరసీకే అలవాటుపడిన దేశంలో అది అప్పటివరకు ఎవరూ ఊహించని సంఖ్య. ఆ సంస్థ తరువాత చేసినవన్నీ ఆ పెట్టె నుంచి నేర్చుకున్నవేనని నా నమ్మకం.

2008లో వాళ్లు పాత ఆటలను తాళాలు తీసి, కొత్త కంప్యూటర్లలో ఆడేలా సరిచేసి అమ్మే జీఓజీ అనే ఆన్‌లైన్ దుకాణం తెరిచారు. 2011 మే 17న 'ది విచర్ 2' విడుదలైనప్పుడు, ఎవరూ అనుకుని చేయకపోయినా, చక్కని ప్రయోగమొకటి జరిగింది. పెట్టెల్లో అమ్మిన డిస్కులకు పంపిణీదారుల కోసం సెక్యూరామ్ అనే తాళం వేశారు. జీఓజీలో మాత్రం ఏ తాళమూ లేకుండా అమ్మారు. విరగ్గొట్టవలసిన పనే లేని జీఓజీ కాపీయే ముందుగా టొరెంట్లలోకి వస్తుందని సంస్థవాళ్లు కూడా అనుకున్నారట. బయటికి వచ్చింది మాత్రం తాళం వేసిన కాపీని విరగ్గొట్టి తయారుచేసినది. తాళం పగలగొట్టడమే ఘనతగా భావించే ముఠాలకు తాళం లేని కాపీలో చూపించుకోవడానికి ఏమీ ఉండదు కదా! అంతలో డబ్బిచ్చి డిస్కు కొన్నవారికి ఆ తాళం వల్ల ఆట నెమ్మదించడం మొదలైంది. కొద్ది రోజుల్లోనే సంస్థ ఒక అప్‌డేట్ ఇచ్చి సెక్యూరామ్‌ను పూర్తిగా తీసేసింది.

మీ హాస్టల్లో చెప్పుకునే కథ బహుశా ఇక్కడితో ఆగుతుంది. మిగతాది కూడా వినండి. ఆ సంవత్సరాంతానికి విచర్ 2 పది లక్షలకు పైగా అమ్ముడుపోగా, దొంగ కాపీలు దాదాపు 45 లక్షలు ఉంటాయని ఇవిన్‌స్కీయే అంచనా వేశారు. టొరెంట్లలో దించుకున్నవాటిని చూసి కట్టిన ఉజ్జాయింపు లెక్క అది. అదే సమయంలో జర్మనీలో ఆ ఆటను అక్రమంగా దించుకున్నవారికి నష్టపరిహారం కట్టమంటూ సంస్థ తరఫున లాయరు నోటీసులు వెళ్లాయి. కాపీ చేయని అమాయకులకు కూడా నోటీసులు వెళ్లే ప్రమాదం ఉందని ఆటగాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. 2012 జనవరిలో సంస్థ ఆ పని మానుకుంటున్నట్టు ప్రకటించింది. తాళం వద్దన్న సంస్థే పైరసీని చూసి ఎంత కుమిలిందో ఈ నోటీసులు చెబుతాయి. తప్పును ఒప్పుకుని వెనక్కి తగ్గినందుకు నేను వాళ్లను మరింత గౌరవిస్తాను.

తరువాత 2015 మేలో వచ్చిన 'ది విచర్ 3' కంప్యూటర్‌పై మొదటి రోజు నుంచే తాళం లేకుండా దొరికింది. 2023 నాటికి ఆ ఆట అయిదు కోట్లకు పైగా అమ్ముడైంది. ఈ అంకెను చూపించి తాళం తీసినందువల్లే ఇంత అమ్మకం అనడం మాత్రం సరికాదు. అందులో ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ వంటి యంత్రాలపై అమ్మినవి కూడా ఉన్నాయి, ఆ యంత్రాలకు వాటి సొంత తాళాలుంటాయి. పైగా ఆట బాగుండడం అన్నిటికన్నా పెద్ద కారణం. తాళం లేకపోవడం అంత పెద్ద ఆటను ముంచలేదని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు. 2023 ఆగస్టులో బెల్జియం సంస్థ లారియన్ విడుదల చేసిన 'బాల్డర్స్ గేట్ 3' కూడా తాళం లేకుండానే వచ్చి కోటికి పైగా అమ్ముడైంది.

ప్రశ్న: మీరు చెబుతున్నవి పాతకాలపు తాళాల సంగతులు. ఇప్పుడు డెనువో వంటివి నెలల తరబడి పగలడం లేదు. అవి ఆదాయాన్ని కాపాడుతున్నాయని ఒప్పుకోవడానికి ఇబ్బంది ఏమిటి?
– బెంగళూరులో పనిచేస్తున్న తెలుగు ప్రోగ్రామర్

జవాబు: ఇబ్బంది ఏమీ లేదు, ఒప్పుకుంటున్నాను. ఆస్ట్రియాలో పుట్టిన డెనువో 2014లో 'ఫిఫా 15'తో మొదలై, కొన్ని గంటల్లో పగిలే తాళాల కాలానికి ముగింపు పలికింది. దీనిపై అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధన జరిగింది. డెనువో వేసుకుని, కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణమైన స్టీమ్‌లో విడుదలైన 86 ఆటలను తీసుకుని, తాళం ఎన్నో వారంలో పగిలితే ఆదాయం ఎంత తగ్గిందో గణించారు. మొదటి వారంలోనే పగిలిన ఆటలకు సగటున 20 శాతం దాకా ఆదాయం తగ్గిందని తేలింది. ఇది చిన్న విషయం కాదు, వందల మంది జీతాలు అందులో ఉంటాయి. వెయ్యి కాపీలకు ఒక్క అమ్మకం అన్న లెక్క అన్నిచోట్లా చెల్లదని ఇందుకే పైన హెచ్చరించాను. ఆడితే ఇప్పుడే ఆడాలని తహతహలాడే జనం ఉన్న పెద్ద ఆటకు, ఆ తొలి వారాల్లో దొంగ కాపీ దొరకకపోతే కొందరు నిజంగానే కొంటారు.

అయితే అదే పరిశోధనలో రెండో సగం ఉంది. పన్నెండు వారాలు గడిచాక తాళం పగిలితే ఆదాయంలో చెప్పుకోదగిన నష్టమే కనిపించలేదు. అంటే ఎంత గట్టి తాళమైనా దాని ఉపయోగం మూడు నెలలు. ఆ తరువాత అది కాపాడేది ఏమీ ఉండదు, కానీ కొన్నవాడి కంప్యూటర్‌లో మాత్రం కూర్చునే ఉంటుంది. మీరు ప్రోగ్రామర్ కాబట్టి అడుగుతున్నాను: ఉపయోగం తీరిపోయిన కోడ్‌ను కొనుగోలుదారుడి మీద మోపి ఉంచడానికి ఏ కారణం చూపగలం? కొన్ని సంస్థలు కొంతకాలం తరువాత డెనువోను తీసేస్తున్నాయి. అన్నీ తీసేయాలని, ఫలానా తేదీకి తీసేస్తామని విడుదల రోజే పెట్టె మీద రాయాలని నేను కోరుకుంటున్నాను.

ఆదాయం ఖాతాలో కనిపించని నష్టం కూడా ఒకటుంది. 2008 సెప్టెంబరులో 'స్పోర్' అనే ఆటను మూడు కంప్యూటర్లలోనే ఎక్కించుకోవచ్చన్న షరతుతో అమ్మారు. కంప్యూటర్ పాడై మార్చుకున్నా ఆ మూడింటిలో ఒకటి ఖర్చయినట్టే. కోపంతో వేలమంది అమెజాన్‌లో దానికి ఒక్క నక్షత్రం ఇచ్చారు. ఆ ఏడాది టొరెంట్లలో అత్యధికంగా, సుమారు 17 లక్షలసార్లు, దించుకున్న ఆట కూడా అదే. 2010 మార్చిలో యూబీసాఫ్ట్ తన 'అసాసిన్స్ క్రీడ్ 2'ను కంప్యూటర్లపై విడుదల చేసినప్పుడు, ఒంటరిగా ఆడే ఆటకు కూడా ఇంటర్నెట్ ఎప్పుడూ తగిలించి ఉండాలన్న నిబంధన పెట్టింది. కొద్ది రోజులకే సంస్థ సర్వర్లు ఆగిపోయి, కొన్నవారు గంటల తరబడి ఆడలేకపోయారు. సొమ్ము చెల్లించి తలుపు బయట నిలబడిన ఆ మనిషికి, తరువాతి ఆట కొనేటప్పుడు ఆ సాయంత్రం గుర్తుంటుంది. ఏ గణాంకంలోనూ ఆ జ్ఞాపకానికి వరుస ఉండదు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. స్నేహితుడి పెన్‌డ్రైవ్ నుంచి ఒక ఆట తెచ్చుకున్నాడు. తాళమే లేని ఆట కాబట్టి కాపీ చేసుకుంటే తప్పు కాదని, కంపెనీ తెలిసే వదిలేసిందని వాదిస్తున్నాడు. నిజమేనా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: నిజం కాదండీ. గుమ్మానికి తాళం లేకపోతే లోపలి వస్తువు ఎవరిదైనా అయిపోదు. తాళం లేకుండా అమ్మినా ఆట మీద హక్కు తయారుచేసినవారిదే. మన 1957 కాపీరైట్ చట్టం కొన్నవాడికి ఒక వెసులుబాటు ఇచ్చింది. చట్టబద్ధంగా తన దగ్గరున్న ప్రోగ్రాంకు, పోతుందేమో, పాడవుతుందేమో అన్న భయంతో ఒక కాపీ తీసి దాచుకోవచ్చు. ఆ కాపీ తన కోసమే, స్నేహితుడి కోసం కాదు. అక్రమ కాపీ అని తెలిసి కూడా కంప్యూటర్ ప్రోగ్రాంను వాడడం అదే చట్టంలోని 63బి సెక్షన్ కింద నేరం. ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. లాభం కోసం, వ్యాపారం కోసం వాడలేదని రుజువైతే జైలు లేకుండా యాభై వేలు మించని జరిమానాతో సరిపెట్టే అధికారం కోర్టుకు ఉంది. తాళం విరగ్గొట్టడాన్ని వేరే నేరంగా చూసే 65ఎ సెక్షన్ 2012 సవరణతో చేరింది. తాళం లేని ఆట విషయంలో వర్తించనిది అదొక్కటే.

పిల్లవాణ్ణి చట్టం పేరుతో భయపెట్టమని నేను చెప్పను. అతని వాదనలో ఒక మంచి పాయింటు ఉంది, దాన్ని పట్టుకోండి. కంపెనీ తెలిసే తాళం తీసిందన్నది నిజమే. దోచుకోమని మాత్రం తీయలేదు. కొన్నవాణ్ణి అనుమానించడం ఇష్టంలేక తీసింది. ఆ ఆట పేరు కనుక్కుని, దాని ధర ఎంతో ఇద్దరూ కలిసి చూడండి. పాత ఆటలు పండగ తగ్గింపుల్లో ఒక సినిమా టికెట్ ధరకే దొరకడం మామూలే. కాపీ తెచ్చుకుని ఆడి, నచ్చాక కొనుక్కున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. మీ అబ్బాయి కూడా ఆ పని చేయగలడు.

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగాలు చేసుకుంటూ రెండేళ్లుగా ఒక చిన్న ఆట తయారుచేస్తున్నాం. మరో ఆరు నెలల్లో కంప్యూటర్ల కోసం విడుదల చేయాలి. తాళం కోసం ఖర్చు పెట్టాలా? పెట్టకపోతే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఇద్దరు మిత్రులు, విశాఖపట్నం

జవాబు: పెట్టకండి. మీ ఇద్దరి దగ్గర ఉన్న పెట్టుబడి ఉద్యోగం తరువాత మిగిలే రాత్రి గంటలు. వాటిని తాళానికి ఖర్చు చేస్తే ఏమవుతుందో స్వానుభవంతో చెబుతాను. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక చిన్న సంస్థలో బడిపిల్లల కోసం చేసిన ప్రోగ్రాంకు ప్రతి కంప్యూటర్‌కూ వేరే నంబరు ఉండేలా తాళం తయారుచేశాం. మూడు నెలల పని అది. తరువాత ఒక బడిలో హార్డ్ డిస్క్ పాడై కొత్తది వేసుకున్నారు. మా తాళం ఆ కంప్యూటర్‌ను గుర్తుపట్టక, పరీక్షల వారంలో ప్రోగ్రాం తెరుచుకోలేదు. ఆ ప్రధానోపాధ్యాయురాలు ఫోన్‌లో కోప్పడలేదు, 'మేము డబ్బు కట్టాం కదా బాబూ' అని మాత్రం అన్నారు. మా ప్రోగ్రాం దొంగ కాపీ వాడుతున్నవాడెవడూ మాకు ఎన్నడూ ఫోన్ చేయవలసిన అవసరం పడలేదు.

పెద్ద ఆటకు మొదటి వారం ముఖ్యమన్న పరిశోధన మీకు వర్తించదు. మీ ఆట కోసం ఎవరూ ఎదురుచూడడం లేదు. ఈ మాట నొప్పించడానికి అనడం లేదు, కొత్తవాళ్లందరి స్థితీ అదే. అసలు మీ ఆట ఉన్నట్టు ఎవరికీ తెలియకపోవడమే మీ పెద్ద ముప్పు. 2012లో 'హాట్‌లైన్ మయామీ' విడుదలైనప్పుడు, దాన్ని తయారుచేసిన ఇద్దరిలో ఒకరైన యొనాతన్ సోదర్‌స్ట్రోమ్, టొరెంట్ సైట్‌లో తమ ఆటను దొంగతనంగా ఆడుతున్నవాళ్లు లోపాలతో ఇబ్బంది పడడం చూసి, సరిచేసిన కాపీని వాళ్లకు అందేలా చేశారు. ఆడేవాడు ఎవరైనా తమ ఆటను సరిగ్గా ఆడాలన్న తాపత్రయం అది. మిమ్మల్ని కూడా అలా చేయమనను గానీ, ఆ మనసును మాత్రం అర్థం చేసుకోండి.

జాగ్రత్తల విషయంలో అమెరికాలోని స్టార్‌డాక్ సంస్థ రెండు అనుభవాలు మీకు చాలు. 2006లో ఆ సంస్థ 'గలాక్టిక్ సివిలైజేషన్స్ 2'ను డిస్కుకు తాళం లేకుండా అమ్మింది. అప్‌డేట్లు కావాలంటే మాత్రం కొన్నప్పుడు ఇచ్చిన నంబరుతో నమోదు చేసుకోవాలి. ఆటకు తరచుగా కొత్త అంశాలు చేర్చుతూ ఉండడంతో, దొంగ కాపీ ఎప్పుడూ పాతబడిన కాపీగానే మిగిలిపోయేది. ఆట బాగా అమ్ముడుపోతుంటే, స్టార్‌ఫోర్స్ అనే తాళాల కంపెనీ ఉద్యోగి ఒకరు, తాళం లేకపోతే ఏమవుతుందో చూపించడానికి ఆ ఆట దొంగ కాపీ దొరికే చోటు లింకును అందరికీ కనబడేలా పెట్టారు. తరువాత ఆ కంపెనీ క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. చెక్ దేశపు 'ఫ్యాక్టోరియో' కూడా ఈ దారిలోనే నడుస్తోంది. సంస్థ సొంత సైట్‌లో కొన్న కాపీకి తాళం ఉండదు, ఆటగాళ్లు తయారుచేసే అదనపు హంగులను సైట్ నుంచి నేరుగా దించుకోవాలంటే మాత్రం కొన్న ఖాతా ఉండాలి. 2022 నాటికే అది 35 లక్షల కాపీలు దాటింది.

రెండో అనుభవం చేదుది. 2009 ఏప్రిల్‌లో స్టార్‌డాక్ 'డెమిగాడ్' అనే ఆటను, పదిమంది కలిసి ఇంటర్నెట్‌లో ఆడుకునేదాన్ని, తాళం లేకుండా తెచ్చింది. ఒక దుకాణం అనుకున్న తేదీకి ముందే అమ్మేయడంతో దొంగ కాపీలు వెంటనే వ్యాపించాయి. సర్వర్‌ను తాకిన దాదాపు 1,20,000 మందిలో కొన్నవారు 18,000 మంది మాత్రమే. దొంగ కాపీలతో ఇంటర్నెట్ ఆట ఆడలేకపోయినా, ఆ కాపీలన్నీ తెరిచిన ప్రతిసారీ సర్వర్‌ను పలకరించడంతో అది కుప్పకూలి, కొన్నవారు కూడా ఆడలేకపోయారు. మొదటి సమీక్షలన్నీ ఆ రోజుల్లోనే వచ్చాయి. కాబట్టి మీ ఆటలో సర్వర్‌తో పని ఉంటే, తాళాన్ని ఆటగాడి కంప్యూటర్‌లో కాకుండా మీ సర్వర్ గుమ్మం దగ్గరే వేసుకోండి. కొన్న ఖాతా అని తేలకుండా ఒక్క బైటు కూడా బదులివ్వనివ్వకండి. సర్వర్‌తో పని లేకపోతే ఆట దాన్ని పలకరించవలసిన అవసరమే లేదు, ఆ భాగాన్ని పూర్తిగా తీసేయండి.

స్టీమ్‌లో పెట్టదలచుకుంటే, అక్కడ అమ్మే ప్రతి ఆటకూ తాళం ఉండి తీరాలన్న నియమం లేదు. స్టీమ్ తెరవకుండానే నడిచే ఆటలు అక్కడ చాలా ఉన్నాయి. ఆ నిర్ణయం మీదే. జీఓజీలో తాళం లేని ఇన్‌స్టాలర్‌నే ఇవ్వాలి, అక్కడ ఎంపిక చేసుకునే ఆటలు తక్కువ కాబట్టి ముందుగానే దరఖాస్తు పంపండి. డాలరు ధరను మారకం రేటుతో గుణించి రూపాయల్లో పెట్టకండి. మీ స్నేహితులు తమ జేబు నుంచి ఇవ్వగలిగిన ధర ఎంతో అడిగి తెలుసుకుని పెట్టండి. మొదటి అంకం వరకు ఉచితంగా ఆడుకునే నమూనా కాపీని మీరే ఇవ్వండి. ఆట మొదటి తెర మీద మీ ఇద్దరి పేర్లు, దీన్ని ఎన్నేళ్లు కష్టపడి చేశారో రెండు వాక్యాలు, కొనుక్కునే చోటు చిరునామా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ కనిపించేలా పెట్టండి. దొంగ కాపీ ఆడేవాడికి కూడా ఆ తెర కనిపిస్తుంది. విడుదలయ్యాక మొదటి నెల అమ్మకాలు, మీకు తెలిసిన దొంగ కాపీల లెక్క రెండూ రాసి పంపితే, అనుమతిస్తే ఈ శీర్షికలోనే ప్రచురిస్తాను.